ఉపగ్రహం ఒంటి కొలతలు

జడ్చర్ల బస్టాండుకు ఎదురుగా, మందుల దుకాణం పక్క మడిగెలో నేను పదకొండేళ్ళు జాకెట్లు కుట్టాను. అంతకుముందు ఇంట్లోనే ఇరవై ఏళ్ళు కుట్టాను. మెట్లెక్కి వచ్చే మనిషిని చూసి ఛాతీ ఎంతో, నడుము ఎంతో టేపు ముట్టకుండానే చెప్పగలిగేదాన్ని. పైకి చెప్పేదాన్ని కాదు, మనసులో అనుకునేదాన్ని. తర్వాత టేపు పెట్టి చూసుకుని, సరిపోతే లోలోపల మురిసిపోయేదాన్ని. నాకు కోపం ఎక్కువని బజారంతటికీ తెలుసు. పండగ ముందురోజు బట్ట తెచ్చి "రేపు పొద్దటికి గావాలె" అనేవాళ్ళ మీద కోపం, ఆది తేకుండా వచ్చేవాళ్ళ మీద మరీ కోపం.

ఆది అంటే ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు. దాన్ని ముందర పెట్టుకుని కొత్తది కత్తిరిస్తాం. కొందరు ఆది పంపరు, తాము రారు. చెల్లెలు వచ్చి "మా అక్క గింత లావుంటది" అని చేతులతో గాలిలో చూపించి పోతుంది. అలాంటప్పుడు టైలరు ఏం చేస్తుంది? లోపల బట్ట వదులుతుంది. వదిలి, పక్కల్లో మూడు వరుసల కుట్టు వేస్తుంది. బిగుతైతే ఒక వరుస విప్పుకుంటారు, పిల్లలు పుట్టాక ఒళ్ళు చేస్తే రెండోది విప్పుకుంటారు. నేను కుట్టిన పెళ్ళి జాకెట్లను పదేళ్ళ తర్వాత కూడా తొడుక్కుంటున్నవాళ్ళు ఉన్నారు. ఆ మూడు వరుసల మీద నాకు చెప్పలేనంత గర్వం. ఆ గర్వమే తర్వాత నా కొంప ముంచబోయింది.

రాష్ట్రం వచ్చాక మా వైపు హైవే పక్కన కొత్త షెడ్లు చాలా లేచాయి. మందుల కంపెనీలు అంతకుముందే ఉన్నాయి. వాటి నడుమ ఒక చిన్న షెడ్డులో రాకెట్లకు పెట్టే అల్యూమినియం ముక్కలు కోస్తారని మా ఆయన ఆటో ఎక్కిన పిల్లలు చెప్పారట. నేను నమ్మలేదు. రాకెట్టు అంటే ఎక్కడో సముద్రం ఒడ్డున చేస్తారు గానీ మా పత్తి మిల్లు రోడ్డులో ఎందుకు చేస్తారని మా ఆయనను ఎగతాళి చేశాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆ షెడ్డు యజమానే మడిగె ముందు బండి ఆపాడు. మా తాలూకా మనిషే, హైదరాబాద్‌లో చదువుకుని వచ్చినవాడు. సంచిలోంచి బంగారు రంగు రేకు తీసి గల్లా మీద పరిచాడు. వెంట్రుకంత పలచగా ఉంది. మడిస్తే కరకరమంటుంది.

"అక్కా, దీన్ని కుట్టొస్తదా? నలుగురు టైలర్లను అడిగిన. చినుగుతది పో అన్నరు."

నలుగురిని అడిగాక నా దగ్గరికి వచ్చాడన్నమాట. అందుకు మొదట కోపం వచ్చింది. ఆ కోపంలోనే సన్న సూది ఎక్కించి, కుట్టు దూరం పెంచి, కింద ఒక పాత కాగితం పెట్టి మెల్లగా తొక్కాను. చినగలేదు. అతను దాన్ని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

అప్పుడు చెప్పాడు సంగతి. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉపగ్రహాలు తయారు చేస్తోంది. వాటికి పైన కప్పే దుప్పట్లు కుట్టించాలి. ఇన్నాళ్ళూ వేరే రాష్ట్రంలో కుట్టిస్తున్నారు. ఇక్కడ ఒక సెట్టు కుట్టి చూపిస్తే, అది బాగుంటే, ఆ పనంతా జడ్చర్లకే ఇస్తారు. బాగాలేకపోతే షెడ్డులో దీనికోసం పెట్టే కుట్టు హాలు మూసేయాల్సిందే. నాతో పాటు ఇంకో ఎనిమిదిమంది ఆడవాళ్ళు కావాలన్నాడు.

నేను మడిగె ఖాళీ చేసేశాను. ఆ జాగాలో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఎనిమిదిమందినీ నేనే ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాను. అందరికంటే పెద్దది మగ్గం పని చేసే ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క, మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. చీర అంచు మీద ఆమె కుట్టిన నెమలి కన్ను చూస్తే అది మనల్నే చూస్తున్నట్టు ఉండేది. చర్చిలో పాడే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న నలుగురు, ఫాల్స్, పీకో చేసుకునే ఒక కొత్త కోడలు. ఒక్కొక్కరూ ఏదో ఒక పని వదిలేసి వచ్చారు. ఎవరూ యజమాని మాట నమ్మి రాలేదు, నా మాట నమ్మి వచ్చారు. ఆ బరువు నాకు మొదటిరోజు తెలియలేదు.

మా అత్తది మక్తల్ వైపు ఊరు. జొన్న రొట్టె చేసుకుంటూ నన్ను నిలదీసింది.

"ఏం కుడుతున్నవే గా షెడ్డుల?"

"ఉపగ్రహానికి దుప్పటి కుడుతున్న అత్తా."

"అది ఆడదా మొగదా?"

"ఏదీ కాదు. మిషను. పైన తిరుగుతది."

"మిషనుకు దుప్పటేందే! మనుషులకే లేకపాయె." రొట్టె తిప్పేసి మళ్ళీ అడిగింది. "పైన మస్తు చలుంటదా?"

ఉంటుందని మాకు చెప్పింది చిన్న సారు. అతను హైదరాబాద్ కంపెనీ పంపిన ఇంజనీరు, గోదావరి వైపు పిల్లవాడు. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ మాటకు ముందు ఒకటి, వెనక ఒకటి "అండి" తగిలించేవాడు. పైన ఎండ తగిలే వైపు కాలిపోతుందట, నీడ వైపు గడ్డకట్టుకుపోతుందట. మా మే నెలా, మా డిసెంబరూ ఒకే పూటలో ఒకే ఒంటికి తగిలినట్టు. అందుకని రేకు, సన్నని వల బట్ట, మళ్ళీ రేకు, మళ్ళీ వల, ఇలా పొర మీద పొర పేర్చి దుప్పటి చేయాలి. పొరలు ఒకదానికొకటి అంటుకోకూడదు, వదులుగా ఉండాలి. ఎక్కడ గట్టిగా నొక్కుకుపోతే అక్కడినుంచి వేడి జారిపోతుంది. కుట్టు పడ్డచోటల్లా పొరలు నొక్కుకుపోతాయి కాబట్టి కుట్టు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇదంతా అతను చెప్పాడు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

హాల్లో మేం పాటించాల్సినవి చాలా ఉండేవి. గాజులు వద్దు, పూలు వద్దు, పౌడరు వద్దు, తలకు నూనె వద్దు. టోపీ, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. అన్నిటికంటే కష్టమైంది దారం పంటితో కొరకకపోవడం. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా? మొదటి వారమంతా మూతి గుడ్డ మీదనుంచే దారం కొరకబోయి, గుడ్డ నోట్లోకి పోయి, ఒకరిని చూసి ఒకరు నవ్వుకునేవాళ్ళం. ఆపా అయితే తన కత్తెరకు తాడు కట్టి మెడలో వేసుకుంది. ప్రతి సూదికీ లెక్క ఉండేది. ఒక సూది కనబడకపోతే తొమ్మిదిమందిమీ మోకాళ్ళ మీద నేలంతా వెతకాల్సిందే. చర్చి అక్కాచెల్లెళ్ళు వెతుకుతూ కూడా పాడేవాళ్ళు.

నెల తిరిగేసరికి నమూనా ముక్కలు బాగా వస్తున్నాయని చిన్న సారు మెచ్చుకున్నాడు. అసలు దుప్పట్లు కుట్టడానికి కొలతల కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఆది ఏది సార్?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. చెప్పాను. పగలబడి నవ్వాడు.

"ఉపగ్రహం హైదరాబాద్‌లో ఉందండి. దాన్ని ఇక్కడికి తేలేమండి. ఈ కాగితం కంప్యూటర్లో గీసిందండి, వెంట్రుకవాసి కూడా తేడా ఉండదండి."

ఇంకో పనిమీద పది రోజులు హైదరాబాద్ పోతున్నానని, వచ్చేసరికి ఆరు దుప్పట్లూ కుట్టి ఉంచమని చెప్పి వెళ్ళాడు.

నేను కాగితం వంక చూస్తూ కూర్చున్నాను. అంచుకు ఒకటే గీత ఉంది, అంటే ఒకటే వరుస కుట్టు. ఇంగ్లీషు నాకు నిదానంగా వస్తుంది గానీ గీతలు బాగానే చదవగలను. తెలియక చేశానని ఇప్పుడు అబద్ధం చెప్పను. ఒంటిని చూడలేదు, ఆది లేదు, చెల్లెలు వచ్చి చేతులతో చూపించి పోయిన జాకెట్టులాగే ఉంది ఆ పని. రేపు తొడిగేటప్పుడు బిగుతైతే? ఎనిమిదిమంది నా మాట నమ్మి వచ్చారు కదా, బిగుతైతే ఎవరు దిక్కు? అందుకని చుట్టూ అర అంగుళం ఎక్కువ వదిలి కత్తిరించాను. లోపలికి మడిచి మూడు వరుసలు వేశాను. మిగతావాళ్ళకూ అదే నేర్పించాను. కొత్త కోడలు ఒక్కతే అడిగింది.

"అక్కా, కాగితంల ఒక్కటే ఉన్నది గద?"

"కాగితం గీసినోడు ఎన్నడన్న జాకెట్ కుట్టిండా?" అన్నాను.

అందరూ నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. చిన్న సారు చూసి సంతోషిస్తాడనే అనుకున్నాను.

పది రోజుల తర్వాత అతను వచ్చాడు. మొదటి దుప్పటి చేతిలోకి తీసుకోగానే మొహం మారింది. తూచాడు. ఎక్కువ తూగింది. ఇంకోటి తూచాడు, అదీ అంతే.

"కాంటా మంచిగ లేనట్టున్నది సార్," అన్నాను.

అతను అంచు విప్పి చూశాడు. మూడు వరుసలు కనబడ్డాయి.

"ఇదేంటండి?"

చెప్పాను. ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికని చెప్పాను. చెబుతుంటే నా మాట నాకే వింతగా వినబడింది. ఉపగ్రహం ఒళ్ళు చేయడమేమిటి? అయినా తగ్గకుండా, "దానికేమున్నది సార్, రెండు వరుసలు విప్పేస్త. ఒక్క పూట పని," అన్నాను.

అతను ఒక మూల కుట్టు విప్పి, రేకును కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. సూది దిగిన ప్రతిచోటా చుక్క వెలుగు. మూడు వరుసల చుక్కలు. బట్టయితే విప్పి నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే సూది గుర్తులు పూడుకుపోతాయి. రేకుకు పడ్డ బొక్క పడ్డట్టే ఉంటుంది.

"ఎవరు చెప్పారండి మూడు వేయమని?"

ఆపా ముందుకొచ్చింది.

"అందరం కలిసే చేసినం సార్."

"అబద్ధం," అన్నాను. "నేనే చెప్పిన. కొత్త కోడలు వద్దన్నది గూడ. నేనే ఇనలే."

యజమాని వచ్చాడు. రేకు చుట్టలు లెక్క చూశారు. ఇంకొక్క సెట్టుకు మాత్రమే సరిపడా ఉంది. ఆ రేకు బయటి దేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది. ఉపగ్రహానికి దుప్పట్లు తొడగాల్సిన రోజు ముందే ఖాయమైపోయింది. ఈ రెండో సెట్టు కూడా పోతే పని వెనక్కి వేరే రాష్ట్రానికి పోతుంది. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి పోట్లాడేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని.

పని చెడితే ఎందుకు చెడిందో రాసి పంపాలనేది అక్కడి పద్ధతి. ఒక కాగితం ఇచ్చారు. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎందుకు చేశారు, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు. చిన్న సారు తాను ఇంగ్లీషులో రాస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా తప్పు నేనే రాస్తానని తెలుగులో రాశాను. 'ఒంటిని చూపించలేదు. ఆది ఇవ్వలేదు. భయపడి లోపల ఎక్కువ వదిలాను, మూడు కుట్లు వేశాను. తప్పు నాదే. ఒంటిని చూపించి కొలవనిస్తే ఇంక వదలను. చూపించకపోతే కత్తెర పట్టను.'

"ఇలా ఎలా పంపనండి?" అన్నాడు అతను, తల పట్టుకుని.

"నిజమే గద సార్. గట్లనే పంపు."

చివరి వాక్యం నేను కోపంలో రాశాను. ఇంటికి వచ్చాక కోపం దిగి భయం ఎక్కింది. తప్పు చేసినదాన్ని నేను, షరతులు పెట్టిందీ నేనే. అత్తకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"చూడకుంట ఎట్ల కుడుతరే?" అంది అత్త. "మంచిగనే రాసినవ్."

రెండు రోజులు ఏ కబురూ లేదు. హాల్లో తొమ్మిదిమందిమి ఖాళీ బల్లల ముందు కూర్చుని పాత ముక్కల మీద ఒకటే వరుస కుట్టు వేస్తూ చేయి సాఫు చేసుకున్నాం. చర్చి చెల్లెలు మధ్యాహ్నం తన డబ్బాలోంచి పచ్చిపులుసు నా అన్నంలో పోసింది. నాకు ఏడుపొచ్చింది గానీ, కారం ఎక్కువైందని ఆమెను కసిరాను.

మూడో రోజు చిన్న సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్, రమ్మంటున్నారండి. మీ ఉత్తరం అక్కడ అందరూ చదివారటండి. నవ్వారటండి. తర్వాత వాళ్ళ పెద్దాయన, ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది అన్నారటండి."

హైదరాబాద్‌లో ఆ కంపెనీ భవనంలోకి పోవడానికి నాకు తల నుంచి కాళ్ళదాకా తెల్లని తొడుగు వేశారు. కళ్ళు మాత్రమే బయట. నా టేపు లోపలికి రానివ్వలేదు. దాని పోగులు ఊడతాయట. ఒక కొత్త ప్లాస్టిక్ టేపు ఇచ్చారు. దాని మీద మిల్లీమీటర్లున్నాయి. నేను అంగుళాల మనిషిని. నేను అంగుళాల్లో చెబుతుంటే చిన్న సారు పక్కనే నిలబడి లెక్క మార్చి రాసుకున్నాడు.

ఇన్నాళ్ళూ కాగితం మీద చూసిన ఉపగ్రహం ఎదురుగా ఉంది. మా ఇంట్లో బియ్యం డ్రమ్ము కంటే కాస్త పెద్దది, అంతే. ఏ దుప్పటీ లేకుండా, వైర్లన్నీ కనబడుతూ, దీపాల కింద ఒంటరిగా నిలబడి ఉంది. ఇంత చిన్నదాన్నా అంత దూరం పంపేది అనిపించింది. దాని మీద జాలేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొలవడం మొదలుపెట్టాను. ముట్టకూడదు, టేపు దగ్గరగా పట్టి చూడాలి. ముందు వైపు కాగితం చెప్పినంతే ఉంది. వెనక వైపు అంతే. ఎడమ పక్క దగ్గర ఆగిపోయాను. అక్కడ వైర్ల కట్ట ఒకటి మూల మీదుగా వంపు తిరిగి పోతోంది. కాగితంలో ఆ మూల సాఫుగా ఉంది. ఒంటి మీద ఉబ్బు ఉంది. మళ్ళీ కొలిచాను. మూడోసారి కొలిచాను. చిటికెన వేలంత తేడా.

"ఈడ కాగితం తక్కువున్నది," అన్నాను.

కాగితం గీసిన ఇంజనీరమ్మాయి వచ్చి చూసింది. కంప్యూటర్ తెరిచి చూసుకుంది. వైర్లను ఆ దారిన తిప్పాలని కాగితం గీశాక నిర్ణయించారట. వైర్లు తిరిగాయి గానీ కాగితం మారలేదు. తెల్లని తొడుగులోంచి కూడా ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం కనబడింది.

"ఫికర్ చేయకు బిడ్డా," అన్నాను. "పెండ్లి ముంగట ఒళ్ళు చేసెటోళ్ళు మస్తుమంది ఉంటరు. గందుకే మేం మనిషిని రమ్మంటం."

ఆమె నవ్వింది. చిన్న సారు నవ్వలేదు. నాకు వెలుగుతున్న మొహాన్ని దాచుకోవడం రాలేదు గానీ, తొడుగు ఉంది కాబట్టి సరిపోయింది. నా మూడు వరుసలు తప్పే, వాటితో పంపితే లోపలి బ్యాటరీలు చలికి చచ్చేవి. కానీ కాగితాన్ని నమ్మి తు.చ. తప్పకుండా కుట్టినా ఆ మూల కప్పుకునేది కాదు. ఈ రెండో సంగతి దొరికినందుకు నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. తప్పు చేసినదానికి అంత సంబరం ఉండకూడదేమో. అయినా అయింది.

తిరిగి వచ్చి ఆఖరి రేకు పరిచాను. ఇప్పుడు నిజమైన కష్టం మొదలైంది. కొలతలు సరైనవే, ఒంటిని నా కళ్ళతో చూసినవే. ఇక లోపల ఒక్క నూలుపోగంత కూడా ఎక్కువ వదలకూడదు. ముప్ఫై ఏళ్ళుగా నా కత్తెర గీతకు బయటనుంచే నడిచింది. గీత మీద నడవమంటే నడవడం లేదు. రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీశాను. చేతి తొడుగు లోపల చెమట పట్టింది.

"ఆపా, నువ్వు కత్తిరించు," అన్నాను.

"నేనెందుకు? చూసొచ్చింది నువ్వు," అంది ఆపా. రేకు అవతలి అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "చూసినవ్ గద చెల్లే. ఇంగ ఎందుకు భయం?"

కత్తిరించాను. మిగతా ఏడుగురూ ఊపిరి బిగబట్టారని, ఆఖరి మూల తిరిగాక అందరూ ఒక్కసారే వదిలినప్పుడు తెలిసింది. ఒకటే వరుస కుట్టు వేశాం. ఆ ఎడమ మూల దుప్పటి ఆపా కుట్టింది. ఆమె చేతిలో వంపు ఎంత బాగా తిరిగిందంటే, దాన్ని మడిచి పెట్టడానికి మనసొప్పలేదు.

తొడిగే రోజు నన్ను అద్దం అవతల నిలబెట్టారు. వాళ్ళ మనుషులే ఒక్కో దుప్పటీ తొడిగారు. ఐదు సాఫీగా పట్టాయి. ఆరోది ఎడమ మూలది. ఒకతను అంచు లాగాడు, ఇంకొకతను నొక్కాడు. అంచూ అంచూ కలిశాయి. వైర్ల కట్ట మీదుగా దుప్పటి సుఖంగా కూర్చుంది. ఇంజనీరమ్మాయి అద్దం అవతలినుంచి నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. నేను కూడా జోడించాను.

అయినా పని మాకే ఇస్తామని వాళ్ళు అప్పుడే అనలేదు. పైకి పోయాక లోపల వెచ్చగా ఉందో లేదో చూసి చెబుతామన్నారు. న్యాయమే. జాకెట్టు బాగుందో లేదో తొడుక్కున్న మనిషి చెప్పాలి గదా.

రాకెట్టు లేచిన రోజు హాల్లో టీవీ పెట్టారు. మా అత్త కూడా వచ్చింది. నిప్పులు కక్కుతూ అది పైకి పోతుంటే చర్చి అక్కాచెల్లెళ్ళు ప్రార్థన చేశారు, ఆపా పెదవులు కదిలించింది, నేను నాకు గుర్తొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచాను. టీవీలో అన్నిటి గురించీ చెప్పారు. దుప్పటి గురించి ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలికి కోపమొచ్చింది. నాకు రాలేదు. నాకప్పుడు వేరే ధ్యాస.

తర్వాత వారం గడవడం చాలా కష్టమైంది. హాల్లో పని లేదు. తుడిచిన బల్లలే మళ్ళీ తుడిచాం. బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు మనుషులను తీసుకుంటున్నారని ఎవరో అన్నారు. అక్కడ మానుకుని వచ్చిన నలుగురిలో ఇద్దరు నా వంక చూశారు. పొమ్మని చెప్పాలో, ఆగమని చెప్పాలో నాకు తెలియలేదు. నా మాట మీద ఒకసారి పని వదిలి వచ్చినవాళ్ళను రెండోసారి ఆగమనడానికి నోరు రాలేదు.

గురువారం పొద్దున చిన్న సారు ఫోను చేశాడు. అందరికీ వినబడేలా పెట్టి బల్ల మధ్యలో ఉంచాను.

"మేడమ్, ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్ళొచ్చిందండి. చాలాసార్లు వెళ్ళొచ్చిందండి."

"లోపల ఎట్లున్నది సార్?"

"వెచ్చగా ఉందండి. మనం అనుకున్నంతే. ఆ ఎడమ మూల కూడానండి."

ఆపా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఏడ్చేశాను, దాచుకోకుండా, గట్టిగా. మా తల్లిగారి ఊరు కేతేపల్లిలో మా బాపు నాకు మొదటి కుట్టుమిషను తెచ్చిచ్చిన రోజు తర్వాత సంతోషంతో అంతగా ఏడ్చింది అదే.

"మేడమ్, ఉన్నారాండి? ఇంకోటి మొదలైందండి, దీనికంటే పెద్దది, ఆ పనీ మనకేనటండి. కాగితాలు తర్వాతేనటండి. ముందు కొలతలకు రమ్మన్నారండి."

ఫోను దగ్గరికి వంగి అడిగాను. "నేనొక్కదాన్నేనా సార్?"

అతను అవతల ఎవరినో అడిగాడు. నవ్వులు వినబడ్డాయి.

"కుట్టేవాళ్ళందరినీ రమ్మంటున్నారండి."

సోమవారం పొద్దున్నే తొమ్మిదిమందిమి ఆధార్ కార్డులు పట్టుకుని జడ్చర్లలో హైదరాబాద్ బస్సెక్కాం. ఆపా కొత్త చీర కట్టుకుంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి కండక్టరమ్మ వరుసగా తొమ్మిది జీరో టికెట్లు కొట్టి, మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏందమ్మా, గింతమంది? పెండ్లికా?"

"డ్యూటీకి," అంది ఫ్యాక్టరీ మానుకుని వచ్చిన నలుగురిలో ఒకామె, కిటికీ పక్క సీట్లో సర్దుకుని కూర్చుంటూ.